గిలాబా

ఇంటి కప్పుకు గిలాబా పూత వేయడమంటే మావయ్యకు ప్రాణం. గోడకు ఎవడైనా పూస్తాడు, కప్పు మనిషికి ఎదురు తిరుగుతుంది అనేవాడు. అతుకు కనిపించకుండా ఒక కప్పు పూర్తిచేసేదాకా ఎవరినీ మేస్త్రీ అని పిలిచేవాడు కాదు. సొంత కొడుకునే పిలవలేదు. ఆ పుణ్యాత్ముడు తాపీ వదిలేసి అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగంలో చేరాడు. తాపీ అందుకున్నది కోడలు. ఆ పిలుపంటే ఆమె చెవి కోసుకునేది.

గిలాబా అన్న మాట కోటల్లో పుట్టిందని మావయ్య పని చేయించుకునేవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. ఆ రోజు మావయ్యా కోడలూ ఒక పాత ఇంటి మట్టికప్పు బాగుచేస్తుంటే, కొడుకు క్యారియర్ పట్టుకొచ్చాడు.

"నాన్నా, నీ మాట నిఘంటువులో దొరికింది. పారసీ మాట. గిల్ అంటే మట్టి, ఆబ్ అంటే నీళ్ళు."

"అంతేనా?"

"అంతే."

మావయ్య ముఖం మాడిపోయింది. "అంటే ఇన్నేళ్ళూ బురద, బురద అని చెప్పుకు తిరిగానన్నమాట!" అంటూ అన్నం సగంలో వదిలేసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పిలిస్తే పలకడు. అలకపాన్పు ఒక్కటే తక్కువ.

కప్పు సగమే అయింది. పూసిన అంచు ఆరేలోగా మిగతా సగం కలపకపోతే అతుకు పడి తీరుతుంది. కోడలు కొంగు బిగించి పరంజా ఎక్కింది. కింద భర్త పరంజా పట్టుకుని నిలబడ్డాడు.

విసిరిన మొదటి ముద్ద కప్పుకు తగిలి తిన్నగా ఆమె ముఖం మీదే పడింది. రెండోదీ అంతే. ఆమెకు ఏడుపొచ్చింది. ముఖం తుడుచుకుని పైకి చూసింది. ఎండిపోయిన పాత మట్టికప్పు ముద్దలోని తడినంతా తాగేస్తోంది. కప్పును తడపకుండానే పని మొదలుపెట్టింది తను!

బకెట్ అందుకుని కప్పంతా నీళ్ళు చిలకరించింది. తర్వాత విసిరిన ముద్ద పట్టుకుంది. సాయంత్రానికి రెండు సగాలూ కలిసిపోయాయి.

"మావయ్యా, ఆ మాటకేం తక్కువ? చేయాల్సిన పనంతా అందులోనే ఉంది. నేనే నీళ్ళు మర్చిపోయాను."

మావయ్య గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. లేచి వచ్చి, తలెత్తి, అతుకు కోసం చాలాసేపు వెతికాడు. దొరకలేదు. కోడలు దిగబోయింది.

"దిగకు. ఆ మూల కాస్త మిగిలింది, మేస్త్రీ."

ఆమెకు కాసేపటిదాకా ఆ మూల కనిపించలేదు.