కట్టు విప్పిన కాలు

మొగుణ్ణి కుర్చీలోంచి లేపడం ఆమెకు పొద్దుటి మొదటి పని. అతని చంకల కింద చేతులు దూర్చి, మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి ఎత్తాలి. మొదట్లో భుజాలు పచ్చిపుళ్ళయ్యాయి. ఇప్పుడు నొప్పే తెలియడం లేదు. అతని విరిగిన కాలు మాత్రం కట్టు విప్పేసరికి చేతికర్రలా సన్నబడింది. కసరత్తు చేయించే డాక్టరమ్మ నిన్న ఆ తొడ నొక్కి చూసి, "ఎముక ఎప్పుడో అతుక్కుంది. కండకి పని చెప్తే పెరుగుతుంది, చెప్పకపోతే కరిగిపోతుంది. తనంతట తనే లేవాలి. మీరు ఎత్తకండి" అని గట్టిగా చెప్పి వెళ్ళింది.

పని చెప్తే పెరుగుతుందట. మరి ఈ ఇంట్లో పనంతా ఎవరికి చెప్పారు? జాకెట్టు చేతులు బిగుతైతే ఆమె రెండుసార్లు కుట్లు విప్పుకుంది. "ఆడదానికి ఆ కండలేమిటే, వస్తాదులా!" అని అత్త నవ్వింది కూడా. ఆ చేతులతోనే హాస్టలు లాండ్రీలో తడి దుప్పట్లు పిండేది. మొగుడి కాలు విరిగినప్పుడు పెట్టిన సెలవు అయిపోయింది. "ఎల్లుండి రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాం, ఏమనుకోకమ్మా" అని లాండ్రీ పెద్దావిడ నిన్న కబురు పంపింది. ఆ మాట చెబితే మొగుడు, "నా కాలుకన్నా నీకా దుప్పట్లెక్కువా?" అన్నాడు.

ఇవాళా చేతులు చాచుకుని కూర్చున్నాడు. "ఏం, చెవుడా? లేపు."

ఆమె రెండడుగులు వెనక్కి వేసి గోడ పక్కన నిలబడింది. "మీరే లేవండి. పడితే పట్టుకుంటాను."

అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "కట్టుకున్నవాడి చేత బతిమాలించుకుంటావే? లేపితే నీ ఒళ్ళేమైనా అరుగుతుందా?"

"అరగలేదత్తయ్యా, పెరిగింది. అదే చెప్తున్నా."

అతని మొహం కందగడ్డయింది. కుర్చీ చేతులమీద పిడికిళ్ళు బిగిశాయి. "ఎంత పొగరే నీకు!" అంటూ లేచాడు. తొడ వణికింది. మోకాలు ఊగింది, నిలిచింది. ఒక అడుగు, ఇంకో అడుగు. చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి ఆమెకు కొత్త కాదు. ఇదివరకైతే తల వంచి కళ్ళు మూసుకునేది. ఇవాళ గాల్లోనే మణికట్టు పట్టుకుంది. అతను లాక్కోబోయాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. ఎవరి చెయ్యి గట్టిదో ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

"ఓరి నాయనా, నిలబడ్డావురా!" అంది అత్త, నోటిమీద చెయ్యి వేసుకుని.

ఆమె అతని చేతిని మెల్లగా దించి గోడకి ఆనించింది.

"పట్టుకుని వంటింటిదాకా నడవండి. రేపట్నుంచి నేను పనికెళ్తున్నా."