మొహం నిటారుగా పెట్టండి

మా ఆఫీసు తలుపుకి మొహాలు గుర్తుపట్టడం నేర్పింది మా టీమే. ఆ గొప్ప కాస్తా ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది.

మా అక్క అదే బిల్డింగులో, కింద ఫోన్ల విభాగంలో పనిచేస్తుంది. ఈమధ్య జ్వరం వచ్చి తగ్గాక ఎడమవైపు మొహం నరం దెబ్బతింది. పెదవి చివర కిందికి జారింది, కన్ను పూర్తిగా మూతపడదు. మళ్ళీ మామూలవచ్చు, కాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని సెలవు అవకముందే పనికొచ్చేసింది. తలుపు ముందు నిలబడితే తెరమీద 'మొహం నిటారుగా పెట్టండి' అని వచ్చింది. పాపం, తల కొంచెం వంచింది. మళ్ళీ అదే. ఇంకోవైపు వంచింది. వెనకాల లైను పెరిగింది. చివరికి గార్డు బయటివాళ్ళ పుస్తకంలో సంతకం పెట్టించుకుని పంపాడు. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేస్తున్న మనిషిని.

కొత్త ఫొటోలు తీసి ఎక్కించాం. అయినా రోజూ అదే తంతు.

కారణం నాకు తెలుసు. మనిషి మొహం కుడీ ఎడమా ఒకేలా ఉంటుందని, మొహాలు గుర్తుపట్టే మా న్యూరల్ నెట్‌వర్క్‌కి ముందే చెప్పిపెట్టాం. అప్పుడది సగం నేర్చుకుంటే చాలు, రెండో సగాన్ని అద్దంలో బొమ్మలా తిప్పి చూసుకుంటుంది. తక్కువ ఫొటోలతో పనైపోతుంది. ఇది మా టీము పెద్దాయన ఐడియా. అందుకే చాటున ఆయన్ని 'అద్దం' అంటాం. ఐడియా పనిచేసింది, కాదనను. కానీ రెండు సగాలూ కలవకపోతే దానికి తోచేది ఒక్కటే, ఎదుటి మనిషి తల వంచిందని.

"ఆ షరతు తీసేసి మళ్ళీ నేర్పిద్దాం సార్," అన్నాను.

"ఒక్కరి కోసమా? మిగతావాళ్ళందరికీ తేడా కొడితే ఎవరు చూస్తారు?"

"ఒక్కరేంటి సార్? పక్షవాతం వచ్చినవాళ్ళు, దవడకి ఆపరేషనైనవాళ్ళు..."

"వాళ్ళెవరూ మన దగ్గర లేరుగా," అన్నాడు, టీ ఊదుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఆయనది అదే పాట.

ఆ సాయంత్రం బస్సులో అక్క, ఎడమ చెంప ఎవరికీ కనపడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ఇక నావల్ల కాదే. రేపు కూడా అందరి ముందూ నిలబెట్టి తల వంచమంటే, రాజీనామా ఆ గార్డు చేతిలో పెట్టి వచ్చేస్తా," అంది. అక్క ఉత్తుత్తి బెదిరింపులు చేసే రకం కాదు. ఆ పని పోతే ఏమైపోతుందోనని నాకు గుండెల్లో రాయి పడింది.

బస్సు దిగగానే అద్దానికి ఫోన్ చేసి బతిమాలాను.

"సరే, మీ అక్కవరకూ ఓ మెలిక పెట్టు. బాగున్న సగమే తీసుకో. రెండోది కూడా దాంతోనే నింపెయ్," అన్నాడు.

నాకు నచ్చలేదు. కానీ వేరే దారేదీ? ఆయన్నీ, నన్నూ తిట్టుకుంటూనే ఇంటికెళ్ళి ఆ నాలుగు ముక్కలూ రాసి పడేశాను.

మర్నాడు అక్క వెళ్ళి నిలబడిందో లేదో, ఆకుపచ్చ లైటు వెలిగి తలుపు తెరుచుకుంది. తెరమీద ఆమె ఫొటో వచ్చింది.

"ఫొటోలో ఎంత బాగున్నారమ్మా," అన్నాడు గార్డు.

హమ్మయ్య అనుకున్నాను. కానీ అక్క కదల్లేదు. ఫొటోలో పెదవులు రెండు వైపులా సమానంగా ఉన్నాయి. కుడి చెంపమీది పుట్టుమచ్చ ఎడమ చెంపమీద కూడా ఉంది.

"పద అక్కా, మూసుకుపోతుంది," అన్నాను.

అక్క సంచిలోంచి మడిచిన కాగితం తీసి గార్డు బల్లమీద పెట్టింది.

"తలుపు తెరిచింది ఈవిడకి కదే," అంది తెరమీది ఫొటో చూపిస్తూ. "నేనెలా వెళ్ళను?"