మడ్‌గార్డు లేనివాళ్లు చివరన రావాలి

సోమవారం పొద్దున సైకిల్ గుంపు వాట్సాప్‌లో జయచంద్ర పెట్టిన మెసేజ్ చదివి అరుణకు ఒళ్లు మండింది. వచ్చే ఆదివారం నుంచి అందరూ వెనక చక్రానికి మడ్‌గార్డు, పైన క్యారియర్ బిగించుకోవాలట. లేనివాళ్లు వరసలో చివరన రావాలట.

ఎనిమిది మందిలో ఆ రెండూ లేని సైకిల్ ఆమె ఒక్కదానిదే.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో తూకం దగ్గర పనిచేసే అరుణ, ఏరికోరి తేలికపాటి సైకిల్ కొనుక్కుంది. పెనుకొండ దారిలో ఎత్తు వచ్చిందంటే మగవాళ్లంతా ఆమె వెనకే. బ్యాంకులో చేసి రిటైరైన జయచంద్ర నాలుగేళ్లుగా ఆ గుంపుకు పెద్ద. తన వెనక తొక్కడం ఆయనకు గిట్టలేదేమో అనుకుంది అరుణ. మడ్‌గార్డు బురద కోసమే అనుకున్నా, క్యారియర్ ఎందుకు, బరువెక్కించడానికి కాకపోతే? పైగా మెసేజ్ పడిన నిమిషంలోనే సెల్‌ఫోన్ల అంగడి ఉమేష్ సరేనంటూ బొటనవేలు చూపించాడు. ముందే మాట్లాడుకున్నారన్నమాట!

ఆమె ఏదీ బిగించలేదు. ఆదివారం ధర్మవరం బయలుదేరినప్పుడు చివరన చేరి, జయచంద్రనే గమనిస్తూ తొక్కింది. సోమందేపల్లి దాటాక తుంపర మొదలైంది. ఆయన మాటిమాటికీ తల ఒక పక్కకు తిప్పుతున్నాడు. పెనుకొండలో టీకి ఆగినప్పుడు సంచి తీసుకుని హోటలు వెనక్కి పోయాడు. చేతులు కడుక్కునే నెపంతో అరుణా అటే వెళ్లింది. ఆమెను చూడగానే ఆయన చేతిలోది గబుక్కున జేబులో వేసుకున్నాడు.

"ఏంది సార్ అది?"

"ఏంలేదు లేమ్మా. పద, టీ చల్లారిపోతాది."

బలానికి మాత్రలేమైనా మింగుతున్నాడా? చెన్నేకొత్తపల్లి దాకా అదే అనుమానం ఆమెను తొలిచింది.

ఊరు దాటాక కుడివైపు నుంచి గొర్రెల మంద రోడ్డెక్కింది. వెనకవాళ్లంతా బ్రేకులు పట్టారు. ముందున్న జయచంద్ర మాత్రం నేరుగా మందలోకి పోయి పక్కకు ఒరిగి పడ్డాడు.

"ఏమప్పా, కండ్లు యాడ పెట్టినావు? ఇంత మంద కనపడలేదా?" అని గొర్రెల కాపరి నాగప్ప కేకలేశాడు.

అందరూ ఆయన్ను లేపి కూర్చోబెట్టారు. మోచెయ్యి గీరుకుపోయింది. జేబులోంచి జారిపడిన చిన్న సీసా అరుణ చేతికి దొరికింది. కంట్లో వేసుకునే చుక్కల మందు.

"కుడికన్ను మసకమ్మా," అన్నాడాయన, ఇక దాచలేక. "పోయిన నెల వానలో పోతిమి చూడు, ఆ పొద్దు నీ చక్రం మట్టి ఎగిరి కంట్లో పడింది. ఆపరేషనైన కన్ను. పుండైంది."

అరుణ సీసా ఆయన చేతిలో పెట్టింది. "నాతో ఒక మాట చెప్పింటే ఏమయ్యేది సార్?" అంది.

"చెప్తే నువ్వు బాధపడి రావడం మానుకుంటావని. ఒక్క మడ్‌గార్డంటే నీ గురించేనని తెలిసిపోతాదని, క్యారియర్ కూడా కలిపినా."

"నన్ను వెనక్కి తొయ్యాలని చూస్తాండారు అనుకుంటి."

ఉమేష్ గొంతు సవరించుకున్నాడు. "సార్ సంగతి నాకు తెలీదు గానీ, నాకైతే ఆ ఆశ ఉండాదక్కా. ఆడమనిషి ముందు పోతాందంట కదా అని మా ఇంట్లో నవ్వుతాండారు."

అంతా నవ్వారు. అరుణకు మాత్రం నవ్వు రాలేదు. జాలీ కోపమూ రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఇట్ల తొక్కొచ్చని డాక్టరు చెప్పినాడా సార్?"

"చెప్పినాడు లేమ్మా," అన్నాడు ఎటో చూస్తూ.

ఆ చూపును ఆమె నమ్మలేదు. అక్కడి నుంచి ధర్మవరం దాకా ఆయనకు కుడిపక్కనే తొక్కింది. అక్కడ ఆయన నీళ్లు తాగడానికి సైకిల్ దిగినప్పుడు ఆయన భార్య యశోదకు ఫోన్ చేసింది.

"సైకిలా? నెల దాకా ముట్టుకోవద్దన్నాడు కదమ్మా డాక్టరు! బుక్కపట్నం చుట్టాలింటికి బస్సులో పోతాండానని చెప్పి పోయినాడే!"

తిరుగు ప్రయాణం జయచంద్రకు, ఆయన సైకిల్‌కు రైల్లో అయింది. రెండు వారాలు ఆయన అరుణతో మాట్లాడలేదు. మూడో వారం ఫోన్ చేశాడు.

"మడ్‌గార్డు బిగించినావా?"

"బిగించినా సార్. క్యారియర్ మాత్రం పెట్టను."

"వద్దులే," అన్నాడాయన. "ఆదివారం ముందు నువ్వే ఉండు. ఉమేష్‌ను దాటనియ్యొద్దు."