కర్ర ఏ చేతిలో ఉండాలి

నా భార్య రెండేళ్లపాటు ఒక టీవీ ఛానలుకు వారం వారం పోస్టుకార్డు రాసింది. మొత్తం నూట ఆరు కార్డులు. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆమె పోయిన మూడో వారంలో నూట ఏడోది నేను రాశాను. "ఇంతవరకు మీకు కార్డులు రాసిన మనిషి ఇక లేరు. ఇకపై కార్డులు రావు." దానికి మాత్రం నాలుగు రోజుల్లో ఫోను వచ్చింది.

"మాస్టారూ, చాలా బాధగా ఉందండి," అంది ఆ అమ్మాయి. ఆ సీరియల్ పనులు చూసేది తానేనని చెప్పింది. "మేడం మా ప్రోగ్రాంకి ఇంత పెద్ద ఫ్యాన్ అని మాకు తెలీదు."

"ఆమె అభిమాని కాదమ్మా."

"అదేనండి, ఈ రోజుల్లో అంత అభిమానం ఎవరికుంటుంది?"

పాఠం వినకుండా తల ఊపే పిల్లల్ని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. వాళ్లతో వాదించి లాభం లేదు.

ఆ సీరియల్ ఆదివారం సాయంత్రం ఆరింటికి వస్తుంది. దానికి మూలమైన ఈడ్పుకాలివాడి కథ మా వైపు అందరికీ తెలిసిందే. ఎగువన చెరువు గట్టు తెగింది. వార్త చెప్పమని గుర్రాల మీద మనుషులను పంపితే వాళ్లు చుట్టుదారి పట్టారు. గట్టు కాపలాదారు ఒకడు, ఎడమకాలు చచ్చుపడినవాడు, కొండదారిన ఒక రాత్రీ ఒక పగలూ నడిచి ఏడు ఊళ్లను లేపాడు. ఒక అడుగు, ఒక ఈడ్పు. మనిషి కనపడకముందే ఆ చప్పుడు వినపడేదట. ఏడో ఊళ్లో, "కాస్త కూర్చుంటాను," అన్నాడు. అదే అతని చివరి మాట.

సీరియల్‌లో అతను మూడువేల సంవత్సరంలో ఒక అంతరిక్ష నౌకలో కళ్లు తెరుస్తాడు. ఎవరో అతనికి నీలంగా వెలిగే లోహపు కాలు పెడతారు. దానితో గ్రహం నుంచి గ్రహానికి ఎగురుతాడు, బల్లిముఖాల రాజులను తంతాడు. చేతిలో కర్ర కూడా వెలుగుతుంది. లోహపు కాలు ఉన్నవాడు కుంటడం ఎందుకని అడగకూడదు. ఏడుపు సన్నివేశాల్లో మాత్రం కుంటుతాడు.

నా భార్య ప్రభుత్వాసుపత్రిలో కృత్రిమ అవయవాలు తయారుచేసే విభాగంలో పనిచేసేది. కాళ్లకు కొలతలు తీయడం, తోలు పట్టీలు బిగించడం, కొత్త కాలుతో మొదటి పది అడుగులు వేయించడం ఆమె పని. ఎవరింటికి వెళ్లినా ముందు గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూసేది. అరిగిన మడమ చూసి, ఆ ఇంట్లో ఎవరికి నడుము నొప్పో చెప్పేది. చిన్నప్పుడు ఆమెకు ఈడ్పుకాలివాడి కథ చెప్పింది తాత. గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్పేవాడట. కుంటడం ఆయన నటించాల్సిన అవసరం లేకపోయింది.

అందుకే మొదటి ఆదివారం ఆశగా కూర్చుంది. పది నిమిషాలకు ముఖం ముడుచుకుంది.

"ఏమండీ, చూశారా? చచ్చుకాలు ఎడమది. కర్ర కూడా ఎడమ చేతిలోనే ఉంది. కర్ర ఎప్పుడూ మంచికాలి వైపు ఉండాలండీ. ఇట్లా నడిస్తే నాలుగో అడుగుకి బోర్లాపడతాడు."

"సీరియలే కదా."

"మా పేషెంట్లు కూడా చూస్తారు సీరియల్. రేపొచ్చి ఇట్లాగే పట్టుకుంటారు."

ఆ రాత్రే మొదటి కార్డు రాసింది. పలకరింపు లేదు, పొగడ్త లేదు. భాగం సంఖ్య, నిమిషం, తప్పు. కింద సంతకం. తరువాతి వారం కర్ర కుడి చేతిలోకి వచ్చింది. ఆమె సంబరపడేలోపు అతను కుడికాలితో కుంటాడు. ఆ పై వారం మళ్లీ ఎడమ. ఆమెకు ఒళ్లు మండింది. అయినా ఒక్క ఆదివారం మానలేదు. వాళ్లు ఒక్కసారి సరిగ్గా నడిపిస్తే చాలు, చూడటం మానేస్తానని అనేది.

ఒక బుధవారం కొలతల గదిలో, "కాస్త కూర్చుంటాను," అని ముక్కాలి పీట మీద కూర్చుందట. ఆమె సహోద్యోగి నాతో చెప్పింది అంతే. నాకు తెలిసింది కూడా అంతే.

ఛానల్ అమ్మాయి మళ్లీ ఫోను చేసింది. నూట పదో భాగాన్ని ప్రత్యేకంగా చేస్తున్నారు. నేను వస్తే ఈడ్పుకాలివాడే స్వయంగా జ్ఞాపిక ఇస్తాడు, ఆమె కార్డులు చదువుతాడు. రానని చెప్పబోతుండగా నా బావమరిది ఫోను లాక్కున్నాడు. అక్క పోయినప్పటి నుంచి వాడు రోజూ మా ఇంటికి వచ్చి వెళ్తున్నాడు. గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. నోరు మాత్రం అక్కడికొచ్చే గడియారాల్లా కాదు, ఆగదు.

"వస్తాడమ్మా, మా బావ ఎందుకు రాడు," అని ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "బావా, అక్క రాసినవి రెండేళ్లు ఎవడూ చదవలేదు. ఇప్పుడు ఊరంతా వింటుంది. కర్ర ఏ చేతిలో పట్టుకోవాలో నలుగురికీ తెలుస్తుంది. నీకేం పోయింది?"

కర్ర గురించిన ఆ మాట నన్ను వంచింది. నేను తిరిగి ఫోను చేసి ఒక్క షరతు పెట్టాను. ఒకే కార్డు చదివినా చాలు, దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదవాలి. ఆమె రాసింది ఆమె రాసినట్టు ఉండాలి. నాకు ఇంకేమీ వద్దు.

"తప్పకుండానండీ," అంది అమ్మాయి.

స్టూడియో ఒక పాత గిడ్డంగి. లోపలికి వెళ్లగానే జిగురు, చెమట, తడిసి ఆరని రబ్బరు కలిసిన వాసన ముక్కుకు కొట్టింది. అంతరిక్ష నౌక గోడలు గుడ్ల అట్టలు, వాటికి వెండి రంగు. మీటలన్నీ సీసా మూతలు. దాన్ని చూసి నాకు రోత కలగలేదు. మా బడి నాటకాలకు మేమూ గుడ్ల అట్టలే వాడతాం. పిల్లలు వాటికి శ్రద్ధగా రంగు వేస్తారు.

నన్ను ఒక సోఫాలో కూర్చోబెట్టి ముఖానికి పౌడరు అద్దారు. బావమరిది కూడా అడిగి అద్దించుకున్నాడు.

"మాస్టారూ, ఏడుపొస్తే ఆపుకోకండి," అంది అమ్మాయి మెత్తగా. "అప్పుడు కెమెరా దగ్గరకి వస్తుంది."

"రాకపోతే?"

"డ్రాప్స్ ఉన్నాయండి."

ఆ మాట ఆమె సాయం చేస్తున్నట్టుగానే అంది. కంటి చుక్కల సీసా తీసి చూపించింది కూడా. మూత దగ్గర ఎవరిదో కాటుక అంటి ఉంది.

తరువాత ఒక కాగితం, కార్డుల కట్ట నా ముందు పెట్టింది. కాగితం మీద ఈడ్పుకాలివాడు చదవవలసిన మాటలున్నాయి: "ఈ వారం మీ వీరుడు చాలా గొప్పగా ఎగిరాడు. చూసినంతసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను."

అరవై ఒకటో కార్డు. నాకు గుర్తుంది, ఎందుకంటే పోస్టులో వేసే ముందు నాకు చదివి వినిపించి తానే నవ్వుకుంది. కట్టలోంచి దాన్ని వెతికి తీశాను. ఆమె గుండ్రటి అక్షరాల మీద, వాళ్లకు పనికొచ్చే మాటల వరకు పసుపు రంగు పూశారు. మిగతా కార్డులూ తిప్పి చూశాను. "గొప్పగా" అన్న చోట పసుపు. "మరచిపోలేను" అన్న చోట పసుపు. ఎవరో కూర్చుని నూట ఆరు కార్డుల్లో ఏరుకున్నారు. రెండేళ్లు చదవనివాళ్లు చివరికి చదివింది ఇలా.

"ఇది సగమే ఉందమ్మా," అని కార్డు చదివాను. "ఈ వారం మీ వీరుడు చాలా గొప్పగా ఎగిరాడు. చూసినంతసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను, ఎందుకంటే కర్ర ఏ క్షణంలో ఏ చేతిలోకి పోతుందో తెలియదు. ఈడ్పుకాలివాడు ఎగిరినందుకు వీరుడు కాలేదు. నడవలేనివాడు నడిచినందుకు అయ్యాడు."

"బాగుందండి. కానీ కొంచెం నెగటివ్‌గా ఉంది కదా. పోయినావిడ గురించి నెగటివ్ ఎందుకు?"

"అది ఆవిడ గురించి కాదు. మీ గురించి."

సోఫా పక్కన కుర్చీలో నటుడు కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. లోహపు కాలు ప్లాస్టిక్ డొప్ప. దాన్ని విప్పి పక్కన పెట్టుకుని, పిక్క మీద ఎర్రగా పొక్కిన చోట గోక్కుంటున్నాడు. మా మాటలు వింటూ ఉన్నాడు కాబోలు.

"ఏ చేతిలో ఉండాలండీ కర్ర?" అన్నాడు.

"కుడి చేతిలో. ఎడమకాలు, కర్ర కలిసి ముందుకు పోవాలి."

"నేను కర్ర ఎటుంటే అటు కుంటుతానండి. అదొక లెక్క పెట్టుకున్నా."

"మరి కర్ర చేతులు ఎందుకు మారుతుంది?"

ఆయన చొక్కా చేతిని పైకి మడిచి చూపించాడు. కర్రలో లైటు వెలగడానికి వైరు చంకలోంచి చేతి పొడవునా కుట్టి ఉంది. "చొక్కాలు రెండండి. ఒకదానికి వైరు ఎడమన కుట్టారు, ఇంకోదానికి కుడిన. ఒకటి ఉతుక్కి పోతే రెండోది వేస్తారు."

రెండేళ్లు. నూట ఆరు కార్డులు. ఆమె తాత నడకకు, ఆమె ఇరవై రెండేళ్ల పనికి వీళ్ల దగ్గర దొరికిన జవాబు ఇది, ఏ చొక్కా ఉతుక్కి పోయిందన్నది.

నటుడు లేచి, కర్ర వైరు ఊడదీసి, కుడి చేత పట్టుకుని నడిచి చూశాడు. ఒక అడుగు, ఒక ఈడ్పు. మూడు అడుగులు వేశాడో లేదో, చూపించడానికి పక్కకు తిరిగాను. ఆ నడక అచ్చం నిజమైన నడకలా ఉంది. చూడవలసిన మనిషి పక్కన లేదు.

"సార్, వైరు పెట్టేయండి. లైటు లేకపోతే కర్ర వట్టి కట్టెలా ఉంది," అన్నాడు కెమెరా వెనక నుంచి ఎవరో. నటుడు నా వైపు చూసి భుజాలు జార్చి, వైరు తిరిగి తగిలించుకున్నాడు. కర్ర మళ్లీ ఎడమ చేతిలోకి వెళ్లింది.

అమ్మాయి అనుమతి పత్రం ముందుకు జరిపింది. నేను జేబులోంచి పెన్ను తీశాను. బావమరిది ముఖం వెలిగింది. పత్రం చివర ఒక్క వాక్యం రాశాను: "కార్డు మొత్తం చదివితే మాత్రమే." దాని కింద సంతకం చేయకుండా ఆగాను.

అమ్మాయి చదివి నిట్టూర్చింది. "అట్లా కుదరదండి. ఎడిటింగ్ మా చేతుల్లో ఉంటుంది."

"అయితే సంతకం నా చేతుల్లో ఉంటుంది," అని పెన్ను జేబులో పెట్టుకున్నాను. "ఆ కార్డులు ఇప్పించండి."

ఇవ్వదేమో అనుకున్నాను. ఆమె రబ్బరుబ్యాండు వేసి కట్టను నా చేతిలో పెట్టేసింది. "తీసుకోండి. మేం ఫోటోలు తీసుకున్నాం లెండి."

దారంతా బావమరిది సాధించాడు. ముఖాన పౌడరు చెమటకు చారలు కట్టింది.

"నాలుగు మాటలు తీసేస్తే కొంప మునిగిపోతుందా బావా? మా వీధి వీధంతా చెప్పుకున్నా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కొట్టు తెరవాలి?"

"ఆ నాలుగు మాటలే మీ అక్క రాసింది. మిగతావి వాటికి తోవ."

"నువ్వూ నీ మాటలూ. ఆవిడ కూడా ఇంతే, మొండిది." ఆ తరువాత వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆదివారం ఆరింటికి వాడే వచ్చి టీవీ పెట్టాడు. ఆమె పోయాక మా ఇంట్లో ఆ సీరియల్ పెట్టడం అదే మొదటిసారి. ఆమె కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంచి, వాడు నేల మీద కూర్చున్నాడు.

పద్నాలుగో నిమిషంలో కర్ర ఎడమ చేతిలో ఉంది. ఇరవై ఒకటో నిమిషంలో కుడి చేతిలో ఉంది. ఇరవై తొమ్మిదో నిమిషంలో నేను కూర్చున్న ఆ సోఫాలోనే ఎవరో ఒక స్త్రీ కూర్చుని ఉంది. దుఃఖం ముఖానికి సరిగ్గా అద్దినట్టుంది. "పేరు చెప్పడానికి ఇష్టపడని మా వీరాభిమాని" అని పరిచయం చేశారు. ఆమె తన చేతిలోని కార్డు చూసి చదివింది.

"ఈ వారం మీ వీరుడు చాలా గొప్పగా ఎగిరాడు. చూసినంతసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను."

రెండు చెంపల మీదా ఒకేసారి, ఒకే వేగంతో నీళ్లు జారాయి. ఈడ్పుకాలివాడు జ్ఞాపిక అందించాడు. ఆయన ఆమె వైపు కాక నేల వైపు చూస్తున్నాడు. నాకు నోట్లో వెగటు నీళ్లు ఊరాయి. లేచి వెళ్లి పుక్కిలించి వచ్చాను.

బావమరిది కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"ఇది అక్కది కదా," అన్నాడు. "అక్క రాసింది ఆవిడ చదువుతోంది."

"సగం."

"సగమే," అన్నాడు వాడు. లేచి టీవీ కట్టేశాడు. "ఇంట్లో ఖాళీ కార్డులు ఇంకా ఉన్నాయా బావా?"

ఉన్నాయి. కుట్టుమిషను సొరుగులో, కొలత టేపు కింద ఆమె ఎప్పుడూ ఒక కట్ట ఉంచేది. వాడు తెచ్చి బల్ల మీద పెట్టి, నా ఎదుట కూర్చున్నాడు. నేను ఆమె పద్ధతిలోనే రాశాను. పలకరింపు లేదు.

"నూట పదో భాగం. పద్నాలుగో నిమిషం: చచ్చుకాలు ఎడమది, కర్ర ఎడమ చేతిలో. తప్పు. ఇరవై ఒకటో నిమిషం: కర్ర కుడి చేతిలో, కుంటింది కుడికాలు. తప్పు. ఇరవై తొమ్మిదో నిమిషం: చదివిన వాక్యం సగం. రాసినది ఆ స్త్రీ కాదు. మిగతా సగం ఇది."

మిగతా సగం రాశాను. కార్డు అడుగున రెండు వరుసల చోటు మిగిలింది.

"సంతకం పెట్టు," అన్నాడు బావమరిది.

"ఒక్క నిమిషం," అని ఆ చోటులో ఇంకో తప్పు కూడా చేర్చాను.

"ఇకపై కార్డులు రావు అని కిందటిసారి నేను రాసినది పొరపాటు. సవరించుకోగలరు."