పైడమ్మ రొంటిలో గిలక్కాయ

నేను ఒక గిలక్కాయను. కాస్త మాట ఎక్కువే నాకు. కడుపులో గులకరాళ్లు పోసి పుట్టించి, నోరు మూసుకుని కూర్చోమంటే ఎలా కూర్చుంటాను చెప్పండి? చదువంటారా, అది లేదు. కానీ ఎందరో పసివాళ్ల నోట్లో నానాను, ఎన్ని చేతుల్లోంచో జారిపడ్డాను. ఆ బుజ్జి బుర్రల్లో ఏం నడుస్తుందో నాకు తెలిసినంత నేనూ చెప్పగలను.

నాది వరాహ నది ఒడ్డు. వీర్రాజు అనే పనివాడు అంకుడు కర్రను గిర్రున తిరిగే మర మీద పెట్టి నన్ను చెక్కాడు. తిరుగుతూ ఉండగానే లక్క ముక్క ఒరిపించాడు. ఆ ఒరిపిడి వేడికి రంగు కరిగి ఒంటికి పట్టింది. పసుపు పచ్చని ఒళ్లు, నడుముకి ఎర్ర చార. పసివాళ్లు నోట్లో పెట్టుకున్నా ఏమీ కాదని చెప్పి మరీ నన్ను తీర్థం జాతరలో అమ్మాడు. మంచిపని చేశాడు. పెట్టుకోనివాళ్లెవరు గనక?

కొన్నది పైడమ్మ. అప్పటికి పడుచుపిల్ల, చంకలో కొడుకు. ఆ కొడుకు అప్పల్నాయుడు నన్ను మంచం మీదినుంచి కింద పడేసేవాడు. తీసి ఇస్తే మళ్లీ పడేసేవాడు. మొండి గుంటడని పైడమ్మ ఒకటి అంటించేది. వాడిది మొండితనం కాదమ్మా! వదిలిన ప్రతిసారీ ఇది కిందికే పోతుందా, ఒక్కసారైనా పైకి పోతుందా అని చూస్తున్నాడు. నేను కిందికే పోతానని, వెంటనే అమ్మ తిడుతుందని, రెండూ ఖాయమని తేలాక మానేశాడు. ఇదే పని పెద్దవాళ్లు పెద్ద బడుల్లో చేస్తే ప్రయోగమంటారట. వాళ్ల వీపు మీద ఎవరూ కొట్టరు.

తర్వాత చాలాకాలం ట్రంకుపెట్టెలో పడి ఉన్నాను. అప్పల్నాయుడికి పెళ్లై, కూతురు జోషిత పుట్టాకే మళ్లీ వెలుగు చూశాను. పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. మెడ నిలబడ్డమూ ఆలస్యమే, కూర్చోవడమూ ఆలస్యమే. గుంటకి బుర్ర మందంలాగుందని వీధిలో ఎవరో అననే అన్నారు. ఆ మాట తల్లి ఝాన్సీ చెవిన పడింది. చెవిన పడి ఊరుకోలేదు, గుండెలో కూర్చుంది.

ఆ రోజునుంచి ఝాన్సీ పిల్లకి పాలిచ్చేది, నీళ్లు పోసేది, ఒళ్లు తుడిచేది, ఒక్క మాట మాత్రం మాట్లాడేది కాదు. అర్థం కాని పిల్లకి ఏం చెప్పాలని మొగుడితో అంటూ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ప్రేమ లేక కాదు, భయం. ఆ ఇంట్లో పిల్లతో కబుర్లాడేది ఇక ఇద్దరమే. నేనూ, పైడమ్మా.

పైడమ్మకో అలవాటు. ఆడించినంతసేపు ఆడించి, పని తగిలితే నన్ను రొంటిన దోపుకునేది. కింద పెడితే కుక్కపిల్ల ఎత్తుకుపోతుందని ఆవిడ బెంగ. పిల్ల లేచి రాగం తీస్తే, చీర మడతలోంచి నన్ను బయటికి లాగేది. పిల్ల నవ్వేది.

జోషితకి ఏడాది నిండాక, పసివాళ్ల ఆలోచనల మీద చదువుకుంటున్న విమల అనే అమ్మాయి విశాఖపట్నంనుంచి ఆ ఊరి అంగన్వాడీకి వచ్చింది. మా పిల్లనీ ఒకసారి చూడమని ఝాన్సీ బతిమాలింది. చాప మీద జోషితని కూర్చోబెట్టారు. విమల నన్ను గలగలలాడించి, పిల్ల చూస్తుండగానే తువ్వాలు కింద పెట్టింది. కింద నా బుడిపె తెలుస్తూనే ఉంది.

పిల్ల తువ్వాలుని చూసింది. దాన్ని ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి, పాకుతూ పాకుతూ గోడవార కూర్చున్న పైడమ్మ దగ్గరికి పోయి, రొంటిలో చెయ్యి పెట్టి చీర లాగడం మొదలెట్టింది.

ఝాన్సీ ముఖం చూడలేకపోయాను. తువ్వాలు కింద ఉన్నానేమో, నిజంగానే చూడలేకపోయాను; ఈ చూపులూ కదలికలూ తర్వాత పైడమ్మ చెబితే తెలిసినవే. గొంతు మాత్రం వినబడింది. "కళ్లెదుటే పెట్టినారు కదా మేడమ్. అదీ తెలీలేదు దీనికి. వీధిలోవోళ్లు అన్నదే నిజం."

పైడమ్మ చీర సర్దుకుంటూ, సిగ్గుగా నవ్వింది. "ఒగ్గేయే గుంటా. దానికేటి తెలుస్తాదమ్మా, రోజూ నాను అక్కడే దోపుతాను కదా, అక్కడే ఉందనుకుంతంది."

విమల ఝాన్సీ పక్కకి జరిగి కూర్చుంది. ఒక్క ఆటతో పిల్ల సంగతి తేలదని, డాక్టరుకి చూపించడం మానొద్దని ముందే చెప్పింది. తర్వాత మెల్లగా అంది. "కనబడకపోయినా గిలక్కాయ ఎక్కడో ఉందని దీనికి తెలుసమ్మా. లేదనుకుంటే వెతకడమెందుకు? ఎప్పుడూ దొరికేచోట వెతికింది. పసిపిల్లలు చాలామంది ఇలాగే పొరబడతారు. ఆలోచించకపోతే ఈ పొరపాటు రాదు."

పసివాళ్లు చేత్తో, నోటితో తడుముకుంటూ తమ తెలివిని తామే కట్టుకుంటారని కొందరు పండితులు అంటారట. పెద్దల మాట, చేయి అందితేనే ఎదుగుతారని మరికొందరట. కొంత తెలివితోనే పుడతారని ఇంకొందరు. విమల చెబుతుంటే విన్నాను. వాళ్లెందుకు వాదులాడుకుంటారో నాకు అర్థం కాదు. నన్ను చప్పరించింది పిల్ల, ఆడించింది పైడమ్మ, పుట్టీ పుట్టగానే నా చప్పుడుకి తల తిప్పింది ఆ పిల్లే.

ఝాన్సీ చాప మీదికి దిగి, తువ్వాలు కొస ఎత్తి పట్టుకుంది.

"అక్కడ లేదే అమ్మా," అంది కూతురితో. "ఇటు సూడు. ఇక్కడుంది."

జోషిత తిరిగి చూసింది. చూసింది నన్ను కాదు, వాళ్లమ్మ నోటిని.

ఆ తర్వాత ఝాన్సీ మాట ఆగలేదు. అన్నం వండుతూ బియ్యం సంగతి, బట్టలు ఆరేస్తూ ఎండ సంగతి, అన్నీ పిల్లకి చెప్పేది. కొన్నాళ్లకి పిల్ల నేరుగా తువ్వాలే ఎత్తింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. పైడమ్మ ఒక్కతే రొంటి తడుముకుని, కాస్త చిన్నబుచ్చుకుంది.

ఇప్పుడా పిల్ల బడికి పోతోంది. చేప నిద్రపోతే కళ్లు మూస్తుందా, నిన్నటి రోజు ఎక్కడికి పోయింది, ఇలాంటివే ప్రశ్నలు. ఝాన్సీ గరిటె పట్టుకుని, "ఓలమ్మీ, కాసేపు ఊరుకోయే," అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నవ్వొచ్చి నా రాళ్లు గలగలమంటాయి.

నా రంగు వెలిసింది, చార మీద పంటిగాట్లు పడ్డాయి. పైడమ్మ మాత్రం ఇప్పటికీ నన్ను రొంటిన దోపుకునే తిరుగుతుంది. బడినుంచి వచ్చిన పిల్ల ప్రశ్న అడుగుతూ అడుగుతూనే, చూడకుండా అక్కడ చెయ్యి పెడుతుంది. నేను అక్కడే ఉంటాను.