యానాం దారిలో బంకు

తాళ్ళరేవు దాటాక, యానాం ఇంకా కాస్త దూరం ఉందనగా వచ్చే పెట్రోలు బంకులో బుల్లియ్య పొద్దున్నుంచీ గాలే కొడుతున్నాడు. ఆ బంకుకు వచ్చేవాళ్ళలో సగం మంది గాలికీ మంచినీళ్ళకీ వస్తారు. మిగతావాళ్ళు యానాం చేరేందుకు సరిపడా పోయించుకుని, ట్యాంకు అక్కడ నింపుకుంటారు. యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడ చవక.

ఎందుకు చవకో అడిగినవాళ్ళకల్లా బుల్లియ్య విడమరిచి చెప్పేవాడు. అదే అతని జబ్బు. వంతెన రాకముందు ఎదుర్లంక రేవులో గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లు కొట్టేవాడు. అప్పుడూ ఆటుపోట్ల సంగతి చెబుతూ సగం మందికి టిక్కెట్లు కొట్టడమే మరిచిపోయేవాడు. నల్లటి బక్కమనిషి, గోళ్ళ సందున ఎప్పుడూ గ్రీజు. ఇంట్లో భార్య నూకరత్నం అతని మాటలు వినడం ఏనాడో మానేసింది.

ఆ పొద్దున యజమాని పల్లంరాజు ఖరాఖండీగా చెప్పేశాడు, పన్నుల పాఠం ఇంకొక్కసారి వినబడితే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదని. బుల్లియ్య బుగ్గన కిళ్ళీ పెట్టుకుని మధ్యాహ్నం దాకా మూగవాడిలా నెట్టుకొచ్చాడు.

అప్పుడొచ్చాడు లోకనాథ్, ట్రక్కు ఆటో నిండా ఖాళీ డబ్బాలతో. తుని నుంచి వచ్చి ఈమధ్యే రొయ్యల చెరువులు లీజుకు తీసుకున్నాడు. జనరేటర్లకు డీజిలు కావాలి. ఇంత పెద్ద బేరం చూసి చాలా కాలమైన పల్లంరాజు గదిలో కుర్చీ సర్దుకుని కూర్చున్నాడు.

బుల్లియ్య గొట్టం డబ్బాలో పెట్టి నొక్కబోతుండగా లోకనాథ్ రేట్ల బోర్డు చూసి, పెట్రోలు కంటే డీజిలు ఎందుకు తక్కువని అడిగాడు. బుల్లియ్య కిళ్ళీ గట్టిగా నమిలాడు. అడిగినవాడికి చెప్పకపోవడం అతనికి దొంగతనంలా అనిపించింది. పక్కకెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

“లారీలూ ట్రాక్టర్లూ దాని మీదే నడవాలి కదండీ, అందుకని డీజిలు మీద పన్ను కాస్త తగ్గించి వేస్తారండి. ఢిల్లీవాళ్ళ పన్ను దేశమంతా ఒకటేనండి. దానిమీద ఎక్కడికక్కడ వేసుకునేదే మారిపోద్ది. మనకి ఎక్కువ, ఇదిగో ఈ పక్కనే యానాంలో తక్కువ. సరుకు మాత్రం ఒకటేనండి బాబూ.”

లోకనాథ్ వేళ్ళ మీద లెక్క కట్టుకున్నాడు. తర్వాత దండం పెట్టి, ఖాళీ డబ్బాలతోనే యానాం వెళ్ళిపోయాడు.

పల్లంరాజు కోప్పడలేదు.

“నీకు జీతం ఇవ్వాల్సింది నేను కాదయ్యా బుల్లియ్యా, యానాం బంకువాడు.”

బుల్లియ్యకు ఆ మాట సబబుగానే తోచింది, మనసు మాత్రం చివుక్కుమంది. “మరి వస్తానండి రాజుగారూ,” అని చెప్పి, బంకు చొక్కా విప్పేసి, బనీనుతోనే యానాం బస్సెక్కాడు. అక్కడ పనేమైనా ఇస్తారేమో అడుగుదామని.

సాయంత్రం మోటారు సైకిలు మీద ఒకాయన ఆగి, దగ్గర్లో పెట్రోలు ఎక్కడ చవకని అడిగాడు. పల్లంరాజు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గాలి మిషను కొక్కేనికి తగిలించిన బుల్లియ్య ఖాకీ చొక్కా సముద్రపు గాలికి ఊగుతూ, కుడి చెయ్యి యానాం వైపు చాపింది.