దారం కట్టిన చక్రం

నూనెలోంచి బుడగలు రావడం ఇంకా ఆగలేదు. అతను బొమ్మ ట్రక్కు కుదుపు ఆపే చిన్న షాక్‌ను నిలువుగా పట్టుకుని రాడ్‌ను కిందికి లాగాడు. మళ్ళీ మెల్లగా పైకి నెట్టాడు. వేలెడు గొట్టం అది. లోపల నీళ్ళలా తేటగా, తేనెలా బద్ధకంగా ఉండే నూనె. రాడ్ కదిలినప్పుడల్లా సూదిమొనంత బుడగలు రెండు మూడు లేచి అంచు దగ్గర పగులుతున్నాయి. తొందరపడి మూత బిగిస్తే ఆ గాలి లోపలే ఉండిపోతుంది. అప్పుడు ట్రక్కు గతుకు మీద పడినప్పుడల్లా షాక్ లొట్టలేసినట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు అతనికి పడదు. అందుకని వేచి చూశాడు. వేచి చూడటం ఒక్కటే అతనికి బాగా వచ్చిన పని.

విడిభాగాలమ్మే దుకాణం వెనక రేకుల షెడ్డు అతనిది. షెడ్డు ముందు మట్టి రోడ్డు, రోడ్డు అవతల మట్టి ట్రాకు. దిబ్బలు, గతుకులు, మలుపులు, అంచుల వెంట తెల్లరంగు వేసిన పైపులు. ఆదివారం సాయంత్రాలు అక్కడ రిమోట్ ట్రక్కుల పందేలు జరుగుతాయి. ఒక్కో ట్రక్కు బాగా తిని బలిసిన పిల్లి అంత ఉంటుంది. బొమ్మలంటే మాత్రం అక్కడ ఎవరూ ఊరుకోరు. జుట్టు నెరిసినవాళ్ళు కూడా కొట్లాటకొస్తారు.

అతని మెడలో తాడుకు భూతద్దం వేలాడుతుంటుంది. గోళ్ళ చుట్టూ నల్లటి గీత, ఎంత కడిగినా పోదు. ముందుకు వంగి వంగి వీపు అలాగే ఉండిపోయింది. ఈ మైదానంలో అతన్ని అందరూ బావగారు అంటారు. మొదట అలా పిలిచింది అతని భార్య తమ్ముడు. అది విని మిగతావాళ్ళూ పట్టుకున్నారు. పేరు పెట్టినవాడు ఇప్పుడు పిలవడు. పిలిచినా ఇతను పలకడు.

బల్ల చివర ఎర్ర ట్రక్కు ఉంది. బావమరిదిది. పొద్దున్నే వచ్చి, బల్ల మీద పెట్టి, సంచి బల్ల కిందికి తోసి వెళ్ళిపోయాడు. ఎప్పటిలా ఒక్క మాట లేదు. ఇతనూ ఎప్పటిలా తల ఎత్తలేదు.

ఎప్పటిలా లేనిది ఒకటే. చక్రాలకు దారం లేదు.

ఆ దారం అతని భార్య పెట్టిన పద్ధతి. ఒకప్పుడు బావా బావమరుదులు కంచాల ముందు కూర్చుని స్ప్రింగుల గురించి గొంతులు చించుకునేవాళ్ళు. ముందు చక్రం ఎగురుతోందని ఒకడు, నడపడం చేతకాదని ఒకడు. ఒకరోజు ఆమె కుట్టుపెట్టెలోంచి నీలం దారం రీలు తీసి తమ్ముడి ఒళ్ళోకి విసిరింది.

"తినేటప్పుడు ఈ గోలేంట్రా నాకు? ఏ చక్రం బాగాలేదో దానికో ముక్క కట్టి పడెయ్. ఆయనే చూసుకుంటాడు. ఇక నోరెత్తారంటే ఇద్దరికీ అన్నం లేదు."

అప్పటినుంచి అంతే. చెడ్డ చక్రానికి నీలం దారం. బాగుచేశాక ఇతను బ్లేడుతో దారం తెంపి రేకు డబ్బాలో వేస్తాడు. ఆమె పోయాక ఆ పద్ధతి వాళ్ళిద్దరికీ బాగా పనికొచ్చింది. మాట్లాడుకోవలసిన అవసరమే లేకుండా పోయింది.

ఆమె పోయిన రోజు కూడా ఆదివారమే. బావమరిది ఇతని కారు తీసుకుని పక్క ఊరి పందేనికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. ఫైనల్‌కి చేరానని అక్కడే ఉండిపోయాడు. ఫోను సంచిలో పెట్టేశాడు. ఇక్కడ ఆమెకు గుండెలో నొప్పి. ఆమె వాకిట్లో నిలబడి కారు కోసం చూసింది. తర్వాత గోడ పట్టుకుంది. తర్వాత కూర్చుంది. ఆ ఎర్ర ట్రక్కు అంతకుముందు ఎన్నడూ ఫైనల్ దాకా పోలేదు. దాని షాక్‌లు ముందురోజు బిగించింది ఎవరో ఇతను ఎప్పుడూ పైకి అనలేదు.

మూత బిగించి షాక్ పక్కన పెట్టాడు. ఎర్ర ట్రక్కును దగ్గరికి లాక్కున్నాడు. వానలు వెనకబట్టినప్పటి నుంచి ప్రతి వారం దారం ముందు ఎడమ చక్రానికే ఉండేది. ఒకసారి నూనె మార్చాడు. మరోసారి స్ప్రింగు మార్చాడు. పిస్టన్, బేరింగు, చక్రాన్ని చట్రానికి కలిపే ఆర్మ్, అన్నీ కొత్తవి వేశాడు. మళ్ళీ వారం మళ్ళీ అక్కడే దారం. వాడు ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు. పళ్ళు నూరుకున్నాడు గాని పని ఆపలేదు.

ఇవాళ చక్రాలు తిప్పి చూశాడు. బంపరు సందులో, చట్రం కింద వెతికాడు. దారం లేదు. బాగుంటే తేవడు. తెచ్చాడంటే ఏదో ఉంది. మరి ఏది? కాలికి అడ్డం వచ్చిన సంచిని లోపలికి నెట్టాడు. మామూలుకంటే బరువుగా తగిలింది. పట్టించుకోలేదు.

"బావగారూ, ఇలా చూడండి!"

సెలూన్ ఆయన. పందెం రోజున కత్తెర పక్కన పడేసి పొద్దున్నే ఇక్కడ తేలతాడు. చేతిలో నీలంగా తళతళలాడే అల్యూమినియం ఆర్మ్‌లు.

"చూశాను."

"నాలుగు చక్రాలకీ తెప్పించా. ఎలా మెరుస్తున్నాయి?"

"మెడలో వేసుకో. ట్రక్కుకి వద్దు."

"ప్లాస్టిక్‌వి ఊరికే విరుగుతున్నాయండీ."

"విరగాలి. ఏదో ఒకటి విరగాలి. ఇది విరక్కపోతే దెబ్బ నేరుగా చట్రానికి పోతుంది. అది పగిలితే ఇంటికి మోసుకుపోవడమే."

సెలూన్ ఆయన ఆర్మ్‌లను చొక్కాకు తుడిచి జేబులో వేసుకున్నాడు. నొచ్చుకున్నట్టు లేదు. ఎర్ర ట్రక్కు వంక చూసి గొంతు తగ్గించాడు.

"దీనికి మాత్రం అన్నీ మార్చేశారుగా. అయినా పోయినసారి పైపులకి ఎన్నిసార్లు గుద్దాడనీ! గానుగెద్దు నయం."

"ఎటువైపు పైపులకి?"

"ఎడమవైపువే. మీరు చూళ్ళేదా?"

"నేను రేసులు చూడను."

"అదే నేననేది. ట్రక్కు పొట్ట కింద దూరి మరీ చూస్తారు. తల ఎత్తి నడిపేవాణ్ణి మాత్రం చూడరు." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఆయనకి ఈ మధ్య గడ్డం గీసుకోవడం కూడా రావట్లేదండీ. ఎడమ చెంప మీద ఇంత చెక్క వదిలేస్తున్నాడు. ఏంటిది, పొలంలో గట్టు వదిలినట్టు వదిలారన్నా. చెంప తడుముకుని, అరె, చూసుకోలేదే అన్నాడు."

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

 అతను లేచి, గోడకానించిన చెక్కను బల్లకు ఏటవాలుగా పెట్టి, ట్రక్కును పైనుంచి వదిలాడు. గీత గీసినట్టు తిన్నగా దిగింది. మళ్ళీ వదిలాడు. తిన్నగానే. మోకాలెత్తు నుంచి నేల మీదికి పడేశాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి ఆనాయి. పొట్ట ఒక్కసారి నేలను తాకి లేచింది. ఊగలేదు. ఎడమకు లాగే ట్రక్కు అలా పడదు.

భూతద్దం కంటికి పెట్టి బంపరు చూశాడు. ఎడమ మూలంతా పైపుల తెల్లరంగు. అదుపు తప్పి జారిన ట్రక్కు పైపుకు రాసుకుంటుంది, గీతలు వాలుగా పడతాయి. ఇవి గీతలు కావు. గుంటలు. వేగం తగ్గించకుండా, పక్కకు తిప్పకుండా నేరుగా కొట్టిన దెబ్బలు. అక్కడ పైపు ఉందని తెలిసినవాడు అలా కొట్టడు.

భూతద్దం వదిలేశాడు. అది ఛాతీ మీద ఊగి ఆగింది.

ఇన్ని వారాలూ అతను ఒక మంచి చక్రానికి వైద్యం చేశాడు. పిస్టన్ రంధ్రాల్లోకి దీపం వేసి చూశాడు. బల్లకవతల నిలబడ్డ మనిషి ముఖంలోకి ఒక్కసారీ చూడలేదు. చూడకూడదని పట్టుబట్టాడు. ఆ పట్టు అతనికి ఎప్పుడూ తప్పుగా తోచలేదు. ఇప్పుడూ తోచలేదు. కాని చేతులు వాటంతట అవే ఎడమ షాక్ విప్పడం మొదలుపెట్టాయి. గట్టి స్ప్రింగు తీసి పాతది పెట్టాలి. చిక్కటి నూనె పారబోసి పలచది పోయాలి. కుడి ఎలా ఉందో ఎడమ అలా ఉండాలి. మొదటినుంచీ అలాగే ఉండాల్సింది.

"మావయ్యా."

గుమ్మంలో బావమరిది కూతురు. మేనత్త నుదురే ఈ పిల్లకు వచ్చింది. నిలబడడం కూడా అంతే, బరువంతా ఒక కాలి మీద వేసి.

"నాన్నని మా ఊరు తీసుకెళ్ళిపోతున్నా. నాతోనే ఉంటాడిక. గేటు దగ్గర కార్లో కూర్చోబెట్టి వచ్చా."

"ఎడమవైపా?" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. "ఎవరు చెప్పారు?"

"ట్రక్కు."

"మాకే మొన్న తెలిసింది. ఆ పక్క ఏముందో అసలు కనబడదట. తిరిగి రాదన్నారు డాక్టర్లు. ఎన్నాళ్ళుగా దాస్తున్నాడో ఏమో." కొంగుతో ముఖం తుడుచుకుంది. "లోపలికి రమ్మంటే రానన్నాడు. బావ నూనె పోస్తుంటాడు, కదిలిస్తే గాలి దూరుతుందన్నాడు. మీరే ఒకసారి రండి మావయ్యా."

"స్ప్రింగు పెట్టాలి."

"మాట్లాడక్కర్లేదు. కనిపించండి చాలు. కారుకి కుడివైపు నిలబడండి, అటయితే కనిపిస్తారు."

అతను స్ప్రింగును గొట్టం మీదికి తొడిగాడు. అది వేళ్ళలోంచి జారి బల్ల మీద దొర్లింది.

"మీ అత్త ఆ రోజు వాకిట్లో నిలబడింది," అన్నాడు. "వీడు ఎటునుంచి వస్తాడో తెలీక రెండు వైపులా చూసింది."

ఆ పిల్ల దొర్లిన స్ప్రింగును అతని ముందుకు జరిపింది.

"మీ ఇద్దరికీ అత్త తిడితేనే బుద్ధి వచ్చేది," అంది. "తిట్టడానికి ఆవిడ లేదు. నావల్ల కాదు."

"ట్రక్కు తీసుకెళ్ళు."

"మీ దగ్గరే ఉంచమన్నాడు. సంచితో సహా."

ఆమె అడుగుల చప్పుడు మట్టిలో కలిసిపోయింది. అతను స్ప్రింగు తీసి మళ్ళీ తొడిగాడు. ఈసారి కుదిరింది. గేటు వైపు కారు తలుపు పడింది. ఇంజను మొదలైంది. షాక్ చేతిలో ఉండగానే లేచి గుమ్మం దాటి రోడ్డు అంచున నిలబడ్డాడు.

కారు మెల్లగా వస్తోంది. షెడ్డు కారుకు ఎడమవైపు. నాలుగడుగులు వేసి రోడ్డు దాటితే కుడివైపు. ఆ సంగతి అతనికి తెలుసు. కాళ్ళు కదల్లేదు. కదల్లేకపోయాయా, తనే కదలనివ్వలేదా అంటే అతనే చెప్పలేడు.

బావమరిది ముందు సీట్లో, ఇటువైపు కిటికీ పక్కనే ఉన్నాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ముఖం చిక్కిపోయింది. ఎడమ చెంప మీద అరచేతి మేర తెల్లటి గడ్డం. చూపు తిన్నగా ముందుకే ఉంది. ఇతను నూనె చెయ్యి కొంచెం పైకెత్తాడు. ఆ చూపు కదల్లేదు. కిటికీ దాటిపోయింది. అవతల, ఖాళీ ట్రాకు వైపు మాత్రం బావమరిది తల మెల్లగా తిప్పి చూశాడు. ఎవరికోసమో చూసినట్టు.

దుమ్ము సర్దుకునేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం పందేలు మొదలయ్యాయి. మైకులో పిలుపులు, నవ్వులు, మోటార్ల కీచు. సెలూన్ ఆయన మెరిసే ఆర్మ్‌లు ఎలాగూ తగిలించుకున్నాడు. రెండో దిబ్బ దగ్గరే చట్రం పగిలిందని ఎవరో కేకేశారు. అతను వినలేదు. ఎర్ర ట్రక్కుకు ఆఖరి మర బిగించి, నేల మీద పెట్టి, రెండు అరచేతులతో నొక్కి వదిలాడు. రెండు వైపులా సమంగా లేచింది. ఎక్కడా తప్పు లేదు.

దాన్ని దాచిపెట్టడానికి బల్ల కిందినుంచి సంచి లాగాడు. లోపల రిమోట్ ఉంది. బావమరిది దాన్ని ఎన్నడూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇతను జీవితంలో దాన్ని పట్టుకోలేదు. బయటికి తీసి దీపం దగ్గర పెట్టాడు. పిడి మీద వేళ్ళు అరగదీసిన గుర్తులు. పక్కన బొటనవేలితో తిప్పే చిన్న స్టీరింగ్ చక్రం.

దానికి నీలం దారం కట్టి ఉంది.

బ్లేడు తీసుకున్నాడు. చాలాసేపు పట్టుకుని, తిరిగి డబ్బాలో పెట్టేశాడు. దీపం ఆర్పి తలుపు దగ్గరికి వేశాడు. రేకుల సందులోంచి ట్రాకు వెలుతురు సన్నగా బల్ల మీద పడుతోంది. అక్కడ ట్రక్కు, దాని పక్కన రిమోట్, ఆ చిన్న చక్రానికి వదులు ముడి, కళ్ళతో కాక తడుముకుంటూ వేసిన ముడి, రెండు కొసలూ గాలికి కొద్దికొద్దిగా కదులుతూ.